కూలి రేటు కదలదు, పని రోజులు కదులుతాయి

ప్రశ్న: విశాఖలో ఎంఏ ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పట్టణ కార్మికుల వేతన అసమానత, ఆదాయ రిస్క్ మీద డిసర్టేషన్ రాస్తున్నాను. పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ శ్రామిక శక్తి సర్వే) డేటా తీసుకుని 2017-18 నుంచి ఏటా గినీ (అసమానతను 0 నుంచి 1 దాకా చూపే కొలత) లెక్క కట్టాను. గినీ పెరిగిన చోట రిస్క్ పెరిగిందనీ, తగ్గిన చోట తగ్గిందనీ రాశాను. మా గైడ్ గారు "నువ్వు కొలిచింది రిస్క్ కాదమ్మా" అని చాప్టర్ వెనక్కి ఇచ్చేశారు. ఇంకా ఐదు నెలల గడువుంది. వేరే డేటా కొనే స్తోమత లేదు. ఉన్న డేటాతోనే దీన్ని సరిచేసుకునే దారి ఉందా?

సమాధానం: ఉంది. డేటా మార్చనక్కర్లేదు, దాన్ని వేరే రకంగా కలుపుకుంటే చాలు. అయితే గైడ్ గారు ఎందుకలా అన్నారో ముందు గట్టిగా పట్టుకోండి. మిగతా పనంతా దాని మీదే నిలబడుతుంది.

రెండు బస్తీలు ఊహించుకోండి. మొదటి బస్తీలో సగం మందికి నెలనెలా 10,000 రూపాయలు, మిగతా సగానికి నెలనెలా 20,000 వస్తాయి. రెండో బస్తీలోనూ ఏ నెల చూసినా సగం మందికి 10,000, సగం మందికి 20,000 వస్తాయి. కాకపోతే ఎవరికి ఎంతన్నది నెలనెలా చీటీ తీసినట్టు మారిపోతుంది. ఏదో ఒక నెల వెళ్లి సర్వే చేస్తే రెండు బస్తీల్లోనూ గినీ 0.167 వస్తుంది. మీ టేబుల్లో రెండూ ఒకటే. పన్నెండు నెలల ఆదాయం కూడి చూడండి: మొదటి బస్తీలో గినీ ఉన్నచోటే ఉంటుంది, రెండో బస్తీలో బాగా పడిపోతుంది. మొదటి బస్తీలో తక్కువ వచ్చేవాడికి తనకెంత వస్తుందో తెలుసు, అది చాలకపోవడమే అతని బాధ. రెండో బస్తీలో అద్దె కట్టే తేదీకి చేతిలో ఎంతుంటుందో ఎవరూ చెప్పలేరు. మొదటిదానికి చదువు, నైపుణ్యం, కనీస వేతనం గురించి మాట్లాడాలి. రెండోదానికి పొదుపు, బీమా, పనికి హామీ గురించి మాట్లాడాలి. ఈ రెంటినీ ఒకే అంకెలో కలిపేస్తే విధానం గురించి మీరు రాసే చివరి చాప్టర్ తప్పుతుంది. గైడ్ గారి అభ్యంతరం అక్కడే.

ఇంకో మెలిక కూడా ఉంది. రెండో బస్తీలో చీటీ బదులు వంతులుంటే, అంటే ఈ నెల నీకు 20,000, వచ్చే నెల నాకు అని ముందే తెలిస్తే, ఆదాయం అంతే ఊగుతుంది గానీ దాన్ని రిస్క్ అనలేం. వానాకాలంలో కట్టడం పనులు తగ్గుతాయని తాపీ మేస్త్రికి ఎవరూ చెప్పనక్కర్లేదు, దానికి ముందే సర్దుకుంటాడు. ఊగిసలాటలో ముందు తెలియని భాగమే రిస్క్.

ఈ విభజన మీద పనిచేసినవాళ్లలో మీరు మొదట చదవాల్సింది పీటర్ గాట్‌షాక్, రాబర్ట్ మాఫిట్‌లను. ఒకే కుటుంబాలను 1968 నుంచి వెంబడిస్తున్న అమెరికా సర్వే పీఎస్‌ఐడీని తీసుకుని, పురుషుల సంపాదనలోని తేడాను శాశ్వత భాగం, తాత్కాలిక భాగం అని వాళ్లు 1994లో విడదీశారు. డెబ్బైల నుంచి ఎనభైలకు వచ్చేసరికి రెండు భాగాలూ సుమారు 40 శాతం చొప్పున పెరిగాయని తేల్చారు. ఆ తర్వాత కోప్‌చుక్, సాయెజ్, సాంగ్ 2010లో సోషల్ సెక్యూరిటీ రికార్డుల మీద ఇలాంటి లెక్కే చేస్తే, పెరిగిన తేడాలో దాదాపు అంతా శాశ్వత భాగమేనని వచ్చింది. దేశం అదే, ప్రశ్న ఇంచుమించు అదే, అయినా జవాబు కొంత మారింది. మనిషి నోటితో చెప్పిన ఆదాయానికీ యజమాని రికార్డులో ఉన్న ఆదాయానికీ ఉన్న తేడా అందులో ఎంతో కొంత ఉంది. మీరు వాడేది నోటితో చెప్పిన ఆదాయమే కాబట్టి ఈ సంగతి పక్కన పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక పని మొదలుపెడదాం. పీఎల్‌ఎఫ్‌ఎస్‌ని మీరు ఏడాదికో ఫొటోలా వాడారు. పట్టణాల్లో అది ఫొటో మాత్రమే కాదు. 2024 వరకు పట్టణాల్లో ఎంపికైన ప్రతి ఇంటికీ మూడు నెలలకోసారి చొప్పున నాలుగుసార్లు వెళ్లారు: ఒక మొదటి విజిట్, మూడు రీవిజిట్లు. మీకు కావలసింది ఆ రీవిజిట్ ఫైలు. ఉచితంగానే దొరుకుతుంది, చాలామంది తెరిచి చూడరు.

కలపడంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ. మనిషికి రెడీమేడ్ ఐడీ ఉండదు, మీరే తయారు చేసుకోవాలి. రాష్ట్రం, జిల్లా, స్ట్రాటమ్ (శాంపిల్ కోసం చేసిన విభాగం), సబ్‌స్ట్రాటమ్, ఎఫ్‌ఎస్‌యూ (సర్వేకి ఎంపికైన బ్లాక్) నంబరు, సెకండ్ స్టేజ్ స్ట్రాటమ్, ఇంటి నంబరు, ఆ ఇంట్లో మనిషి వరుస నంబరు, ఇవన్నీ ఒక తాడులా గుచ్చండి. క్వార్టర్, విజిట్ నంబర్లను అందులో చేర్చకండి. అవి ప్రతిసారీ మారతాయి కాబట్టి చేరిస్తే ఒక్కరూ జతపడరు. ఏప్రిల్-జూన్‌లో మొదటిసారి వెళ్లిన ఇంటికి రెండోసారి వెళ్లేది జులై తర్వాత. సర్వే ఏడాది జులై నుంచి జూన్ వరకు కాబట్టి ఆ రీవిజిట్ తర్వాతి సంవత్సరం ఫైల్లో ఉంటుంది. అందుకని రెండేళ్ల ఫైళ్లు ఒకదాని కింద ఒకటి చేర్చాకే జతపరచండి. జతపడ్డాక కూడా నమ్మేయకండి. నాలుగు విజిట్లలోనూ లింగం ఒకటే ఉందా, వయసు ఒక ఏడాదికి మించి తేడా రాలేదా చూసి, సరిపోలనివాళ్లను తీసేయండి. ఇంట్లో ఒకరు వెళ్లిపోయి వరుస నంబర్లు జరిగితే, కొడుకు ఆదాయం తండ్రి ఖాతాలో పడి, లేని షాక్ పుడుతుంది. ఎంతమందిని తీసేశారో డిసర్టేషన్‌లో రాయాలి.

2020 మార్చిలో కోవిడ్ వల్ల ఫీల్డ్ పని ఆపేసి జూన్‌లో మొదలుపెట్టారు. ఆ క్వార్టర్ల మీదుగా పోయే ప్యానెళ్లను (ఒకే మనుషుల వరస విజిట్లను) ప్రధాన లెక్కలో కలపకుండా విడిగా చూపించండి. 2025 జనవరి నుంచి పద్ధతే మారింది: పల్లెల్లోనూ పట్టణాల్లోనూ వరుసగా నాలుగు నెలలు వెళ్తున్నారు. మూడు నెలల తేడాతో తీసిన మార్పునూ నెల తేడాతో తీసిన మార్పునూ ఒకే పట్టికలో పెడితే అర్థం ఉండదు. మీరు 2024 దగ్గర ఆగిపోవడం మంచిది. వెనక్కి వెళ్లి 2011-12 ఎన్‌ఎస్‌ఎస్ రౌండ్‌తో కలపాలన్న ఆశ పుడుతుంది. ఆ రౌండ్‌లో స్వయం ఉపాధివాళ్ల ఆదాయం అడగలేదు, ఇళ్లకు మళ్లీ వెళ్లలేదు. వద్దు.

విడదీసే సూత్రం చూడ్డానికి పెద్దదిగా కనిపిస్తుంది గానీ కూడికలు, తీసివేతలే. ధరల సూచీతో సర్దిన ఆదాయానికి లాగ్ తీసుకోండి. ఒక విజిట్‌కీ తర్వాతి విజిట్‌కీ మధ్య మార్పు లెక్కించండి. ఆ మార్పులోంచి క్వార్టర్, వయసు, చదువు, రాష్ట్రం వల్ల ఊహించదగినదంతా రిగ్రెషన్‌తో తీసేయండి. వృత్తి, పరిశ్రమ కూడా పెట్టాలనుకుంటే మొదటి విజిట్‌లో ఉన్నవే పెట్టండి. ఫ్యాక్టరీ ఉద్యోగం పోయి అడ్డా మీద నిలబడ్డ మనిషికి కొత్త వృత్తి కోడ్ పెట్టి రిగ్రెషన్ చేస్తే, అతనికి తగిలిన దెబ్బంతా "వృత్తి ప్రభావం"లో కొట్టుకుపోతుంది. మీరు కొలవాలనుకున్నది అదే కదా!

మిగిలిన మార్పులో రెండు రకాల షాకులుంటాయి. శాశ్వతమైనది ఒకసారి వచ్చి అక్కడే ఉండిపోతుంది, మార్పుల్లో ఒక్కసారే కనపడుతుంది. తాత్కాలికమైనది వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఇంకోసారి కనపడుతుంది. అందుకే మార్పు వేరియెన్స్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) అంటే శాశ్వత వేరియెన్స్‌కి తాత్కాలిక వేరియెన్స్‌ని రెండుసార్లు కలిపినట్టు. పక్కపక్క మార్పుల కోవేరియెన్స్ (రెండూ ఎంత కలిసి కదులుతాయో చెప్పే కొలత) తాత్కాలిక వేరియెన్స్‌కి సమానంగా, రుణ గుర్తుతో వస్తుంది. మీకు మార్పు వేరియెన్స్ 0.10, కోవేరియెన్స్ మైనస్ 0.03 వచ్చాయనుకోండి. తాత్కాలిక భాగం 0.03. శాశ్వత భాగం 0.10 లోంచి 0.06 తీసేస్తే 0.04. ఇంకాస్త పటిష్ఠంగా చేయాలంటే, మధ్య మార్పుని ముందు మార్పు, తను, తర్వాతి మార్పు మూడింటి మొత్తంతో గుణించి సగటు తీయండి: 0.10 లోంచి 0.03, మళ్లీ 0.03 పోతే 0.04. దీనికి మూడు మార్పులు, అంటే నాలుగు విజిట్లు కావాలి. పట్టణ పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో సరిగ్గా నాలుగే ఉన్నాయి. ఒక్కటి తగ్గినా ఈ లెక్క రాదు, అందుకే నాలుగు విజిట్లలోనూ దొరికిన మనుషుల లెక్క అంత ముఖ్యం.

మాట జాగ్రత్తగా వాడండి. మొదటి విజిట్ నుంచి నాలుగో విజిట్‌కి తొమ్మిది నెలలే. ఏడాది నిలిచి ఆ తర్వాత సర్దుకునే దెబ్బ కూడా మీ లెక్కలో "శాశ్వతం" లోనే పడుతుంది. కాబట్టి దాన్ని "నిలిచిన షాక్" అని పిలిచి, ఎంతకాలం నిలిచిందో బ్రాకెట్లో రాయండి. అమెరికా అధ్యయనాల్లోని వార్షిక అంకెల పక్కన మీ అంకెల్ని పెట్టి పోల్చకండి.

నోటితో చెప్పిన ఆదాయం సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. ఇంటి పెద్ద ఒక్కరే అందరి ఆదాయమూ చెప్పేస్తారు. 11,400 వచ్చినా 12,000 అంటారు. ఇలాంటి పొరపాటు చాలావరకు వచ్చిపోయేదే కాబట్టి తాత్కాలిక భాగంలో చేరి దాన్ని ఉబ్బిస్తుంది. నిలిచిన భాగం మీద దాని ప్రభావం తక్కువ. అంటే మీ రెండు అంకెల్లో ఎక్కువ నమ్మదగినది రెండోది. మరోవైపు, నెల జీతగాళ్లలో ఎంతమంది నాలుగుసార్లూ అదే అంకె చెప్పారో లెక్కపెట్టండి. అది మరీ ఎక్కువుంటే వాళ్ల రిస్క్ నిజంగా తక్కువా, లేక పాత జవాబే మళ్లీ రాసుకున్నారా అన్నది చర్చించాల్సిందే.

అసలు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది క్యాజువల్ కూలీల దగ్గర. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో మూడు రకాల వాళ్లని మూడు కాలాలకు అడుగుతారు: జీతగాళ్లని గడిచిన క్యాలెండర్ నెలకి, స్వయం ఉపాధివాళ్లని గత 30 రోజులకి, క్యాజువల్ కూలీలని గత ఏడు రోజులకి, రోజువారీగా. ఒక కూలీ నెలకి 17 రోజులు పనిచేస్తాడనుకుందాం, రోజుకి 700. నెలకి 11,900. సర్వేవాళ్లు వచ్చిన వారంలో ఆరు రోజులు దొరికితే 4,200, రెండే రోజులు దొరికితే 1,400. దాన్ని నెలకి పెంచి చూపిస్తే ఒకసారి 18,000, ఒకసారి 6,000. అతని నెల ఆదాయం ఇంచుమించు అదే ఉన్నా, మీ కంప్యూటర్ దాన్ని పిడుగుపాటులా చూపిస్తుంది. అందుకే కూలీల వేరియెన్స్‌ని జీతగాళ్ల వేరియెన్స్ పక్కన పెట్టి "మూడు రెట్లు రిస్క్" అని రాయకండి. కూలీలను కూలీలతోనే, ఏడాది నుంచి ఏడాదికి, పోల్చండి.

ఈ రోజువారీ వివరమే మీకు పెద్ద ఆస్తి కూడా. వారం ఆదాయం అంటే రోజు కూలి ఇంటూ పని రోజులు. లాగ్ తీసుకుంటే కూడికగా మారుతుంది. కాబట్టి వారం ఆదాయం మార్పు వేరియెన్స్‌ని కూలి రేటు భాగం, పని రోజుల భాగం, రెంటి కోవేరియెన్స్‌కి రెట్టింపు అని మూడు ముక్కలు చేయవచ్చు. మా సలహా అడిగితే, మీ డిసర్టేషన్‌కి నడుమ ఈ పట్టికే ఉండాలి. సుప్రీత్ కౌర్ 2019లో 600కు పైగా జిల్లాల వ్యవసాయ కూలి మీద చూపించిందేమిటంటే, మంచి వానలొచ్చిన ఏడాది పెరిగిన రేటు మరుసటి ఏడాది దిగదు, బదులుగా పని తగ్గుతుంది. అడ్డా మీద నిలబడేవాళ్లకి ఇది తెలిసిన సంగతే: 700 అన్న మనిషి 500కి వెళ్లడు, ఆ రోజు నాగా అవుతుంది. దీనికి ఎదురుగా సీమా జయచంద్రన్ 2006 వ్యాసం ఉంది. 1956 నుంచి 1987 వరకు 257 జిల్లాల డేటాతో, బ్యాంకులూ రోడ్లూ సరిగా లేని చోట కరువొస్తే అందరూ ఒకేసారి పనికి ఎగబడి కూలి రేటే ఎక్కువగా పడిపోతుందని ఆమె తేల్చారు. రెండూ పల్లె కూలి గురించినవి. పట్టణ అడ్డాలో ఈ రెంటిలో ఏది నడుస్తోందో మీ మూడు ముక్కల పట్టిక చెబుతుంది. రేటు భాగం చిన్నదై రోజుల భాగం పెద్దదైతే, కనీస వేతనం పెంచడం వల్ల ఈ రిస్క్ తగ్గదని తేలుతుంది. అది చెప్పుకోదగ్గ ఫలితం.

లాగ్‌తో ఒక ప్రమాదం ఉంది: సున్నాకి లాగ్ లేదు. వారమంతా పని దొరకని మనిషి మీ శాంపిల్ నుంచి నిశ్శబ్దంగా జారిపోతాడు, అంటే అందరికంటే పెద్ద దెబ్బ తిన్నవాడే లెక్కలో ఉండడు. వాళ్లకోసం ఇంకో కొలత పెట్టండి: మార్పుని రెండు విజిట్ల సగటుతో భాగించండి. 12,000 నుంచి 9,000కి పడితే మైనస్ 0.29, సున్నాకి పడితే మైనస్ 2. ఎంత పెద్ద దెబ్బైనా మైనస్ 2 దాటదు.

సున్నాలను వెతికేటప్పుడు స్టేటస్ కోడ్లు (మనిషి ఆ వారం ఏం చేశాడో చెప్పే అంకెలు) ఒక్కొక్కటీ చూడండి. మొదటి విజిట్‌లో 51, అంటే క్యాజువల్ కూలి, ఉన్న మనిషికి తర్వాత 81 వస్తే పని వెతుక్కుంటున్నట్టు, అది తేలికే. ఆడవాళ్లలో 51 తర్వాత 92 వస్తుంది, అంటే ఇంటిపని. పని లేక ఇంట్లో ఉన్న మనిషిని సర్వేలో గృహిణిగా రాశారేమో మీరు చెప్పలేరు. అందుకే వాళ్లని తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్క చూపించండి. 98 అనే కోడ్ మరీ ముఖ్యం. అది జబ్బు చేసి పనికి వెళ్లని క్యాజువల్ కూలీకి మాత్రమే. జీతగాడికి జబ్బు చేస్తే సర్వే లెక్కలో అతను ఉద్యోగిగానే ఉంటాడు. కూలీకి జబ్బు చేస్తే 98 పడి శ్రామిక శక్తిలోంచే బయటికి పోతాడు. నిరుద్యోగంలో కనపడడు, వేతనాల్లో కనపడడు. "శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లు" అని ఫిల్టర్ పెట్టారంటే, జ్వరంతో వారం కూలి పోగొట్టుకున్న మనిషిని మీ చేత్తోనే చెరిపేసినట్టు. ఆ ఫిల్టర్ మొదటి విజిట్‌కి మాత్రమే పెట్టండి.

వేరియెన్స్ ఒక్కదానితో ఆగకండి. గువెనెన్, ఓజ్‌కాన్, సాంగ్ 2014లో అమెరికా రికార్డులతో చూపించినట్టు, మాంద్యంలో మార్పుల వేరియెన్స్ పెద్దగా పెరగదు, పెద్ద పతనాలు పెరిగి పెద్ద ఎదుగుదలలు తగ్గుతాయి. దాన్ని పట్టే సులువైన కొలత కెల్లీ స్క్యూనెస్: 90వ, 10వ పర్సెంటైల్‌ల మొత్తంలోంచి మీడియన్‌కి రెట్టింపు తీసి, ఆ రెండు పర్సెంటైల్‌ల తేడాతో భాగించాలి. 90వది ప్లస్ 20 శాతం, మీడియన్ సున్నా, 10వది మైనస్ 40 శాతం అయితే మైనస్ 0.33. కోవిడ్ క్వార్టర్లను విడిగా పెట్టమన్నాం కదా, ఈ కొలత అక్కడ వేసి చూడండి.

ఆంధ్రప్రదేశ్‌కి విడిగా చేయాలని మీకు అనిపించడం సహజం. నాలుగు విజిట్లలోనూ దొరికిన పట్టణ క్యాజువల్ కూలీలు ఒక రాష్ట్రంలో అంతమంది మిగలరు, వేరియెన్స్ లాంటి కొలతలు పదిమంది వల్ల తలకిందులవుతాయి. దేశం మొత్తానికి చేసి, స్టాండర్డ్ ఎర్రర్లు ఎఫ్‌ఎస్‌యూ యూనిట్‌గా బూట్‌స్ట్రాప్ చేయండి (శాంపిల్‌ని మళ్లీ మళ్లీ తీసి లెక్కించడం), 500 సార్లు చాలు. ఇంకో లోటు మీరు పూడ్చలేరు, ఒప్పుకుని రాయాలి: సర్వే ఇంటి దగ్గరికి వెళ్తుంది గానీ మనిషి వెంట వెళ్లదు. విశాఖలో పని తగ్గి శ్రీకాకుళం వెళ్లిపోయిన కుటుంబం మరుసటి విజిట్‌కి ఉండదు. మొదటి విజిట్ లక్షణాలతో ఎవరు తప్పిపోతున్నారో ఒక ప్రొబిట్ (తప్పిపోయే అవకాశాన్ని అంచనా వేసే మోడల్) వేసి చూపిస్తే, మీ అంకె అసలు రిస్క్ కంటే తక్కువే చెబుతోందని నిలబెట్టుకోవచ్చు.

ఆదాయం ఊగితే ఖర్చు ఎంత ఊగుతుంది అన్న ప్రశ్న పరీక్షకులు తప్పక అడుగుతారు. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో ఖర్చు వివరం పలచగా ఉంటుంది, దానితో ఆ లెక్క చేయకండి. సాహిత్య సమీక్షలో మాత్రం దీనికి చోటివ్వండి, ఎందుకంటే ప్రపంచం చదివిన ఆ పరిశోధనకి మూలం మన పాలమూరు పల్లె. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) 1975 నుంచి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె, దోకూరు, మహారాష్ట్రలో మరో నాలుగు ఊళ్లలో, ఊరికి 40 కుటుంబాల చొప్పున లెక్కలు రాసింది. వాటిలో ఔరేపల్లెతో సహా మూడు ఊళ్ల డేటాతో రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో, ఒక కుటుంబం తిండి ఖర్చు తన ఆదాయంతో కంటే ఊరి సగటుతోనే ఎక్కువ కదులుతుందనీ, అయినా ఊరివాళ్లు ఒకరినొకరు ఆదుకునే ఆ బీమా సంపూర్ణం కాదనీ చూపించారు. ఖర్చు కొలిచిన తీరు వల్లే ఆ బీమా ఉన్నదానికంటే గట్టిగా కనిపించిందని రవాలియన్, చౌధురి 1997లో అభ్యంతరం చెప్పారు. మజోకో, సైని 2012లో ఆదుకోవడం ఊరి స్థాయిలో కాదు, కులం స్థాయిలో జరుగుతోందన్నారు. అంతకుముందే 1989లో రోజెన్‌జ్‌వైగ్, స్టార్క్ ఇవే పల్లెల డేటాతో, కూతుళ్లని దూరపు ఊళ్లకి ఇవ్వడం కూడా కరువు నుంచి కాపాడే ఏర్పాటేనని చూపారు. పట్టణపు అడ్డా మీద ఊరూ కులమూ వియ్యంకులూ ఎంతవరకు పక్కనుంటారన్నది మీ డేటా చెప్పలేని ప్రశ్న. దాన్ని ప్రశ్నగానే రాయండి.

మీ పాత గినీ చాప్టర్ పారేయకండి. "అసమానత" అన్న పేరుతో అదే మొదటి చాప్టర్ అవుతుంది, రిస్క్ అన్న మాట వచ్చిన వాక్యాలు మాత్రం కొట్టేయండి. ఈ వారం ఏ రిగ్రెషనూ వేయొద్దు. ఫైళ్లు జతపరిచి, మొదటి విజిట్‌లోని జీతగాళ్లు, స్వయం ఉపాధివాళ్లు, క్యాజువల్ కూలీలు ఎంతమంది, వాళ్లలో రెండు, మూడు, నాలుగు విజిట్ల వరకు మిగిలింది ఎంతమంది అని ఒక చిన్న పట్టిక వేసుకుని, దానితో గైడ్ గారి దగ్గరికి వెళ్లండి.